మగవారి ఆక్వాటిక్ పెర్ఫ్యూమ్, లిమిటెడ్ ఎడిషన్: కొనే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి వస్తుందంటే చాలు, పెద్ద పెర్ఫ్యూమ్ సంస్థలు తమ పాత ఆక్వాటిక్ (సముద్రాన్ని, నీటిని గుర్తుచేసే) సెంట్లకు కొత్త సీసా, కొత్త రంగు, కొత్త పేరు తగిలించి లిమిటెడ్ ఎడిషన్ అంటూ అల్మారాల్లోకి దింపుతాయి. కొన్నింటిలో ద్రవం నిజంగానే కొత్తది. చాలావాటిలో కొత్తది సీసా ఒక్కటే. ఏది ఏ రకమో తేల్చుకోవడానికి సాధారణంగా వచ్చే ప్రశ్నలూ వాటికి నా జవాబులూ ఇవి. నా ఇష్టాయిష్టాలను ఎక్కడా దాచలేదు.

ఆక్వాటిక్ పెర్ఫ్యూమ్‌లో సముద్రపు నీరు ఏమైనా ఉంటుందా?

ఉండదు. ఉన్నా దాని వల్ల పరిమళం రాదు. తీరంలో మన ముక్కుకు తగిలే వాసనలో పెద్ద వాటా సముద్రంలోని నాచు, సూక్ష్మజీవుల వల్ల పుట్టే డైమిథైల్ సల్ఫైడ్ వంటి గంధక పదార్థాలది. దాన్ని ఉన్నదున్నట్టు సీసాకెక్కిస్తే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వచ్చే వాసన దగ్గరకు చేరుతుంది. డబ్బిచ్చి ఎవరూ కొనరు. అందుకే పెర్ఫ్యూమర్లు నీచు తీసేసిన సముద్రాన్ని కల్పిస్తారు.

ఆ కల్పనకు దారి వేసింది కాలోన్ అనే రసాయనం. 1966లో ఫైజర్ సంస్థ రసాయన శాస్త్రవేత్తలు దీన్ని కనుగొన్నారు, కానీ పెర్ఫ్యూమ్‌లలో దీని హవా మొదలవడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. పలచగా వాడితే పుచ్చకాయ తొక్కకు ఆనుకుని ఉండే తెల్లటి కండ, దాని మీదుగా ఉప్పు గాలి. మోతాదు కాస్త మించితే ఆల్చిప్ప, ఇంకా మించితే నీచు. 1988లో వచ్చిన అరామిస్ వారి న్యూ వెస్ట్ దీన్ని ధారాళంగా వాడిన తొలి పెర్ఫ్యూమ్‌లలో ఒకటి.

అదే 1988లో డేవిడాఫ్ కూల్ వాటర్ వచ్చింది. దాన్ని రూపొందించిన పియర్ బోర్డాన్ వేరే దారి పట్టాడు. కూల్ వాటర్ చల్లదనం ఎక్కువగా డైహైడ్రోమైర్సినాల్ మీద నిలబడింది. నిమ్మ, లావెండర్, అప్పుడే ఉతికి ఆరేసిన బట్టలు కలిసినట్టుండే ఈ చవకైన పదార్థం 1982 నాటి ద్రాకార్ న్వార్ అనే పెర్ఫ్యూమ్‌లోనే దండిగా ఉంది. బట్టలుతికే సబ్బు పొడుల్లోనూ వాడతారు. కొందరికి ఆక్వాటిక్ అనగానే డిటర్జెంటు గుర్తుకు రావడానికి కారణం ఇదే. వాళ్ల ముక్కు తప్పేమీ లేదు.

కొత్త సీసా ఏది చేతికొచ్చినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది పుచ్చకాయ దారా, సబ్బు దారా? మిగతా అంచనా అక్కడి నుంచి సులువవుతుంది.

పోల్చి చూడాలంటే ముందుగా ఏవి తెలిసి ఉండాలి?

నాలుగు చాలు. కూల్ వాటర్ (1988), ఇస్సీ మియాకే వారి లో దిస్సే పూర్ ఓమ్ (1994), ఆర్మానీ వారి ఆక్వా డి జియో (1996), బల్గరీ వారి ఆక్వా పూర్ ఓమ్ (2005). మంచి పెర్ఫ్యూమ్ దుకాణం ఏదైనా వీటిలో రెండు మూడింటికి టెస్టర్ (కొనేముందు చల్లి చూసే సీసా) ఉంచుతుంది.

కూల్ వాటర్‌లో పుదీనా, లావెండర్ ముందుకొస్తాయి, అడుగున, అంటే చివరిదాకా మిగిలే వాసనగా, కస్తూరి, కాస్త పొగాకు. లో దిస్సే జాక్ కవాలియే చేసినది. యూజు అనే జపాన్ నిమ్మజాతి కాయ పులుపు దాని గుర్తు. ఆక్వా డి జియో వెనుక ప్రధానంగా ఉన్న పేరు ఆల్బెర్టో మొరిల్లాస్. సిసిలీ, ఆఫ్రికా తీరాల మధ్య ఉన్న పాంటెల్లేరియా దీవిలో జార్జియో ఆర్మానీకి ఇల్లుండేది; ఆ దీవి స్ఫూర్తి అని సంస్థ చెబుతుంది. దాన్లో సముద్రంతో పాటు మల్లెపువ్వు పలచదనం ఉంటుంది. బల్గరీ ఆక్వా మళ్లీ కవాలియేదే. పొసిడోనియా అనే మధ్యధరా సముద్రపు గడ్డిని కేంద్రంగా చెప్పుకునే ఈ సెంటు నాలుగింటిలోనూ చిక్కనిది, ఉప్పదనం ఎక్కువ. నా ఓటు దీనికే, అయితే ఇంట్లో వాళ్లకు నచ్చుతుందని హామీ ఇవ్వలేను.

ఖర్చు తక్కువలో మంచి కొలమానం కావాలంటే మోరిస్ రూసెల్ చేసిన నాటికా వాయేజ్ (2006) ఉంది. లిమిటెడ్ ఎడిషన్ పేరుతో మూడు రెట్ల ధర అడిగే సీసా ఏదైనా, కనీసం వాయేజ్ కన్నా బాగుందనిపించాలి. అనిపించకపోతే అక్కడితో ఆపేయవచ్చు.

లిమిటెడ్ అంటే ఎన్ని సీసాలు?

సంస్థ సంఖ్య చెప్పకపోతే ఆ మాటకు కొలత లేదు. వెయ్యి సీసాలు కావచ్చు, పది లక్షలూ కావచ్చు. డబ్బా మీదో సీసా మీదో వరుస సంఖ్య అచ్చువేసి, మొత్తం ఎన్నో కూడా రాసి ఉంటే అది నిజమైన పరిమితి. ఆక్వాటిక్ వేసవి ఎడిషన్లలో అలాంటివి అరుదు. ఎక్కువసార్లు ‘లిమిటెడ్’ అన్నది కాలానికి సంబంధించిన పరిమితి: ఈ సీజన్‌కు తయారు చేశాం, అయిపోతే మళ్లీ చేయం అని అర్థం. అయిపోకపోతే మరుసటి ఏడాది తగ్గింపు ధరకు అదే అల్మారాలో కనిపిస్తుంది.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. 2015లో వచ్చిన ఆక్వా డి జియో ప్రొఫుమో మీద లిమిటెడ్ అన్న మాటే లేదు. సాంబ్రాణి పొగ కలిసిన ఆ ఆక్వాటిక్‌కు అభిమానులు కుప్పలుగా ఉన్నా సంస్థ దాన్ని ఆపేసింది, 2023లో ఆక్వా డి జియో పర్ఫమ్ పేరుతో మరొకటి తెచ్చింది. ఏది ఉంటుందో, ఏది పోతుందో లేబుల్ చూసి చెప్పలేం. కాబట్టి ఆ ఒక్క మాటకు భయపడి కొనాల్సిన పని లేదు.

లోపల ఉన్నది పాత ద్రవమేనా, కొత్తదా? తెలుసుకోవడం ఎలా?

ఇదే అసలు ప్రశ్న. దుకాణంలో అడిగితే స్పష్టమైన జవాబు తరచుగా దొరకదు. అమ్మే కుర్రాడికి కూడా చెప్పి ఉండరు.

ముందు పేరు చూడండి. కలెక్టర్స్ ఎడిషన్, ఫలానా కళాకారుడి ఎడిషన్ అని ఉంటే చాలావరకు సీసా మీద బొమ్మ మారిందని అర్థం. సమ్మర్ ఎడిషన్, లేదా అసలు పేరు పక్కన మరో పేరు చేరి ఉంటే ద్రవం మారే అవకాశం ఎక్కువ. ఉదాహరణకు ఆడామగా ఇద్దరి కోసం 1994లో వచ్చిన సీకే వన్‌కు 2004 నుంచి సమ్మర్ ఎడిషన్లు వచ్చాయి. అవి ఏటికేడు వేర్వేరు వాసనలు. ఇస్సీ మియాకే కూడా లో దిస్సేకు చాలా వేసవుల్లో ఇలాంటివే తెచ్చింది. కొత్త ద్రవానికి పెర్ఫ్యూమర్ పేరు ప్రకటించి ఉంటే అది మంచి సూచన. బొమ్మ మార్చినందుకు పెర్ఫ్యూమర్ పేరు ఎవరూ వేయరు.

తరవాత డబ్బా అడుగున సన్నటి అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా. ఫార్ములా మొత్తం ‘పర్ఫమ్’ అనే ఒక్క మాట వెనుక దాక్కుంటుంది, నిజమే. కానీ అలర్జీ కలిగించే అవకాశం ఉన్న కొన్ని పదార్థాలను యూరప్ నిబంధనల ప్రకారం విడిగా పేర్లతో రాయాలి: లిమోనిన్, లినలూల్, సిట్రాల్, కూమరిన్ వంటివి. మామూలు సీసా డబ్బానూ లిమిటెడ్ డబ్బానూ పక్కపక్కన పెట్టి చదవండి. అన్నీ ఒకటే అయి చివరి రంగు సంఖ్యలు మాత్రమే మారితే, ద్రవం అదే అని గట్టిగా అనుమానించవచ్చు. కొత్తగా కూమరిన్ చేరితే అడుగున తీపి పెరిగి ఉండవచ్చు. సిట్రాల్ మాయమైతే నిమ్మ భాగం మారి ఉంటుంది. ఇది రుజువు కాదు, అనుమానానికి ఆధారం. తీర్పు చెప్పాల్సింది ముక్కే.

గాఢత కూడా గమనించండి. ఓ ద టాయ్‌లెట్‌లో సుగంధ ద్రవ్యాలు సుమారు 5 నుంచి 15 శాతం, ఓ ద పర్ఫమ్‌లో 15 నుంచి 20 శాతం ఉండడం వాడుక. మామూలు సీసా టాయ్‌లెట్ అయి లిమిటెడ్ సీసా పర్ఫమ్ అయితే, లేదా దీనికి తలకిందులుగా ఉంటే, అవి రెండూ వేరే సెంట్లు అనుకునే పరీక్షించాలి. ఫార్ములాను చిక్కబరిస్తే వాసన మునుపటి లాగే ఉండి బలం ఒక్కటే పెరుగుతుందనుకోవడం పొరపాటు. మొత్తం సమతౌల్యమే మారుతుంది.

దుకాణంలో ఎలా పరీక్షించాలి?

ఒంటికి ఏ సెంటూ పూసుకోకుండా, గడ్డం గీసుకున్న వెంటనే కాకుండా వెళ్లండి. ఒక్కసారికి రెండే: ఒకటి లిమిటెడ్, రెండోది దాని మామూలు మాతృక. మూడోది వద్దు, అమ్మేవారు ఎంత ముచ్చటగా అడిగినా సరే.

ముందు కాగితం పట్టీల మీద. చల్లగానే ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదట తగిలేది ఆల్కహాలే. అర నిమిషం ఆగండి. పట్టీ మీద పేరు రాసుకోండి. రాయకుండా జేబులో వేసుకున్న రెండు పట్టీలు ఇంటికెళ్లేసరికి ఎవరివో తెలియని కాగితాలవుతాయి. కాగితం మీద నచ్చకపోతే అక్కడితో సరి. నచ్చితే ఎడమ మణికట్టు మీద మాతృక, కుడి మణికట్టు మీద లిమిటెడ్, ఒక్కో చల్లు. మణికట్లు రెండూ కలిపి రుద్దకండి, వాసనలు కలిసిపోతాయి.

ఆ తరవాత దుకాణం నుంచి బయటకు వచ్చేయండి. ఇది చాలామంది చేయని పని, చేయాల్సిన మొదటి పని కూడా. పెర్ఫ్యూమ్ విభాగంలో గాలి నిండా వంద సెంట్లు తేలుతుంటాయి, పైగా ఏసీ. అక్కడి తీర్పు అక్కడికే చెల్లుతుంది.

చల్లిన పావుగంటకు మొదటిసారి, రెండు గంటలకు రెండోసారి, ఐదారు గంటలకు మూడోసారి వాసన చూడండి. ఆక్వాటిక్‌లలో తొలి పావుగంట దాదాపు అన్నీ బాగుంటాయి. నిమ్మ, బెర్గమాట్, పుదీనా పడ్డాక బాగుండకపోవడమే కష్టం. లిమిటెడ్ ఎడిషన్లు తరచుగా ఈ పావుగంట మీదే డబ్బు పెడతాయి, ఎందుకంటే కొనేవాడు నిర్ణయం తీసుకునేది అప్పుడే. రెండో గంటకు అసలు రూపం బయటపడుతుంది: ఉప్పదనం మిగిలిందా, పుచ్చకాయ తీపి జిగురుగా మారిందా, లేక పేరులేని సబ్బు వాసనగా తేలిపోయిందా? ఐదో గంటకు ఏదైనా మిగిలి ఉంటే అది కస్తూరి, కలప, అంబ్రాక్సాన్ (అంబర్‌గ్రిస్‌కు బదులు వాడే పదార్థం, దీని గురించి కింద). ఈ మూడు దశల్లోనూ కుడి చెయ్యి ఎడమ చేతికన్నా భిన్నంగా, మెరుగ్గా అనిపించాలి. ఒక్క తొలి దశలోనే తేడా ఉంటే మీరు కొంటున్నది పావుగంట.

ఇంట్లో ఇంకో మెట్టు ఉంది. పట్టీల వెనుక గుర్తు పెట్టి, ఇంట్లో ఎవరినైనా వాటిని కలగలపమనండి. ఏది ఏదో చూడకుండా చెప్పగలిగితే తేడా నిజమే. చెప్పలేకపోతే చౌకగా ఉన్నది కొనుక్కోండి. బ్రాండు మీద ఎంత ప్రేమ ఉన్నా ఈ పరీక్ష దగ్గర అది పనికిరాదు, దీని గొప్పతనం కూడా అదే.

మధ్యలో కాఫీ గింజల వాసన చూడాలంటారు కదా?

దాని వల్ల మామూలు గాలి కన్నా ఎక్కువ ప్రయోజనం ఉన్నట్టు పరిశోధనలో తేలలేదు. బయటకు నడిచి నాలుగు ఊపిరులు తీసుకోండి, లేదా ఏమీ చల్లని మీ మోచేతి మడతను వాసన చూడండి. మీ ఒంటి వాసనకు మీ ముక్కు అలవాటు పడి ఉంటుంది.

యూరప్ వేసవికి చేసిన సెంటు మన ఎండలకు ఆగుతుందా?

వేసవి ఎడిషన్లను ఊహించేది మధ్యధరా తీరపు ఎండకు. అది మే నెల రామగుండానికో విజయవాడకో సరిపోదు. 40 డిగ్రీలు దాటిన ఎండలో తేలికైన పదార్థాలు వేగంగా ఆవిరైపోతాయి, నిమ్మ భాగం చూస్తుండగానే పోతుంది. మరో వైపు, మిగిలినవి ఒంటి వేడికి గట్టిగా పైకి లేస్తాయి. కాలోన్ ఎక్కువ పడ్డ సెంటు ఏసీలో పుచ్చకాయలా ఉండి, బస్టాండులో చెమటతో కలిసి నీచుకు దగ్గరవుతుంది. విశాఖ, కాకినాడల్లో గాలి తేమగా ఉంటుంది కాబట్టి అక్కడ అదే సెంటు హైదరాబాదులో కన్నా బరువుగా అనిపించవచ్చు.

అందుకని పరీక్ష రోజున ఎండలో కాసేపు తిరగడం తప్పనిసరి. మాల్‌లో మొదలుపెట్టి మాల్‌లోనే ముగించిన పరీక్ష ఊటీకి పనికొస్తుంది.

చల్లే మోతాదు విషయంలో నా మాట: పగటి ఎండకు రెండు, ఆఫీసు ఏసీకి మూడు. చొక్కా లోపలి వైపు ఒకటి చల్లితే ఒంటి మీద కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది.

మూడు గంటల్లో పోతోంది. నాసిరకమా?

తప్పనిసరిగా కాదు. ఆక్వాటిక్‌ల కూర్పే తేలిక పదార్థాలతో ఉంటుంది. ఊద్ (అగరు చెక్క) అత్తరులా రాత్రి దాకా ఉండమని వాటిని అడగకూడదు. నాలుగైదు గంటలు నిలిస్తే అది మంచి ఓ ద టాయ్‌లెట్. వేసవి ఎడిషన్లను కొన్నిసార్లు మళ్లీమళ్లీ చల్లుకోవడానికి వీలుగా కావాలనే పలచగా చేస్తారు. అలాంటప్పుడు ధర కూడా పలచగా ఉండాలి, ఆ సంగతి సంస్థలు మరిచిపోతాయి.

అయితే పోయింది సెంటా, మీ ముక్కు పసిగట్టే శక్తా అన్నది వేరే ప్రశ్న. ముక్కు ఒకే వాసనకు త్వరగా అలవాటుపడి దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. కొన్ని పెద్ద అణువుల కస్తూరి రసాయనాలు కొందరికి అసలే తెలియవు. మీకు పోయిందనిపించాక పక్కనున్నవారిని అడగండి. వాళ్లకు తెలుస్తూ ఉంటే ఇంకో మూడు చల్లులు కొట్టుకుని లిఫ్టులో అందరినీ శిక్షించకండి.

అడుగు వాసనల్లో ‘అంబర్‌గ్రిస్’ అని రాసి ఉంది. నిజంగా తిమింగలం నుంచి వచ్చిందేనా?

పెద్ద సంస్థల ఆక్వాటిక్‌లో అది దాదాపు ఎప్పుడూ అంబ్రాక్సాన్ వంటి తయారీ పదార్థమే. దీన్ని క్లేరీ సేజ్ అనే మొక్క నుంచి వచ్చే స్క్లేరియోల్‌తో తయారు చేస్తారు. ఉప్పు, ఎండకు కాగిన ఒంటి చర్మం, పొడి కలప కలిసినట్టుంటుంది. అసలు అంబర్‌గ్రిస్ స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యేది. మన దేశంలో ఆ తిమింగలం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణలో ఉంది. దాని అంబర్‌గ్రిస్ అమ్మినా కొన్నా నేరం. అందుకే అసలైన అంబర్‌గ్రిస్ వాడామని ఎవరైనా చెబుతూ ఇక్కడ అమ్మితే ఆ మాట అబద్ధమైనా సమస్యే, నిజమైతే ఇంకా పెద్ద సమస్య.

నీలి రంగు ద్రవం ఏమైనా మేలైనదా?

రంగుకూ వాసనకూ సంబంధం లేదు. జాబితాలో సి.ఐ. 42090 వంటి సంఖ్య కనబడితే అది నీలి రంగు. తెల్ల పంచె మీద, లేత రంగు పట్టు మీద దగ్గర నుంచి చల్లితే మరక పడవచ్చు. పెళ్లికి వెళ్లేటప్పుడు ముందు సెంటు, ఆరాక బట్టలు.

మంచి ఆక్వాటిక్‌ను ఎలా గుర్తుపట్టాలి?

నా దృష్టిలో మూడు సంగతులు. నీటి భావన రెండో గంట దాకా బతికి ఉండాలి. తొలి నిమ్మ పోగానే ఏ సెంటులోనైనా ఉండే తీపి కలపగా మారిపోతే అది ఆక్వాటిక్ వేషం వేసుకున్న మరేదో. తీపికి ఎదురుగా ఏదైనా ఉండాలి: ఉప్పు, చేదు, రోజ్‌మేరీ లాంటి ఆకు, ఇంత పొగ. ప్రొఫుమోకు అభిమానులు దొరికింది ఆ సాంబ్రాణి వల్లనే. మూడోది గాలి. పెర్ఫ్యూమ్ ముక్కు మీద గోడలా పడకుండా లోపల ఖాళీ ఉన్నట్టనిపించాలి. హెడియోన్ అనే మల్లె జాతి పదార్థం ఆ ఖాళీని తెస్తుంది. 1966లో ఎడ్మండ్ రూద్నిట్స్కా డియోర్ ఓ సోవాజ్‌లో దాన్ని వాడినప్పటి నుంచి మగవారి తేలిక సెంట్లలో అది లేనిది తక్కువ.

చెడ్డదాన్ని పట్టుకోవడం ఇంకా సులువు. చల్లిన చోట సూది గుచ్చినట్టు లోహపు వాసన, రెండు గంటల తరవాత కూడా అదే వాసన ఏ మార్పూ లేకుండా, తలనొప్పి.

ధర సరైనదో కాదో ఎలా లెక్కకట్టాలి?

మిల్లీలీటరు ధర చూడండి, సీసా ధర కాదు. ఉదాహరణకు మామూలుది 100 మి.లీ. 6,000 రూపాయలు, లిమిటెడ్ 125 మి.లీ. 8,500 అనుకుందాం. మొదటిది మి.లీ.కి 60, రెండోది 68. అంటే ఆ సీసా మీద 1,000 రూపాయలు కొత్తదనానికి చెల్లిస్తున్నారు. ద్రవం వేరై, మీకు మెరుగ్గా నచ్చితే అది సమంజసమైన ధర. ద్రవం అదే అయితే ఆ వెయ్యి బొమ్మకు. బొమ్మ మీద మోజుంటే నేనేమీ అనను, సీసాలు పోగుచేసేవాళ్లు నాకు తెలుసు, సంతోషంగానే ఉంటారు.

ఇంకో లెక్క. ఒక్కో చల్లుకు సుమారు 0.1 మి.లీ. ఖర్చవుతుంది. 100 మి.లీ. సీసా అంటే వెయ్యి చల్లులు. రోజుకు నాలుగు చొప్పున 250 రోజులు. ఒక్క వేసవికి కావాలంటే 50 మి.లీ. దండిగా సరిపోతుంది. లిమిటెడ్ ఎడిషన్ పెద్ద సీసాలోనే దొరుకుతుంటే రెండో వేసవిలోనూ వాడతానా అని అడిగి చూసుకోండి.

టెస్టర్ దొరకలేదు. సమీక్షలు చదివి ఆన్‌లైన్‌లో కొనేయవచ్చా?

మాతృక ఒంటి మీద నచ్చినవాళ్లు కొంతవరకు సాహసించవచ్చు. లేకపోతే ఆగండి. అసలు సీసా నుంచి ఐదు, పది మి.లీ. చొప్పున చిన్న సీసాల్లో పోసి అమ్మే డీకాంట్ విక్రేతలు ఉన్నారు. నమ్మకస్తులు దొరికితే అదే మేలైన దారి. సమీక్షల్లో మార్కులు, నక్షత్రాలు వదిలేసి, రాసినవారు ఏ ఊళ్లో, ఏ కాలంలో వాడారో చూడండి. డిసెంబరులో న్యూజెర్సీలో వాడినవారి అభిప్రాయం మే నెల ఖమ్మానికి నడవదు.

నకిలీని ఎలా పట్టుకోవాలి?

డబ్బా మీది బ్యాచ్ సంఖ్య, సీసా అడుగున ఉన్న సంఖ్య ఒకటే అయి ఉండాలి. ఇక్కడ చట్టబద్ధంగా అమ్మే దిగుమతి సెంటు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, నెల, సంవత్సరం ఉండి తీరాలి. ఇవేవీ లేకుండా సగం ధరకు దొరికే లిమిటెడ్ ఎడిషన్ గురించి ఇంకా ఆలోచించాల్సిందేముంది? ఆక్వాటిక్‌లను నకిలీ చేయడం సులువని కూడా గుర్తుంచుకోండి: తొలి పావుగంట చవకైన పదార్థాలతో సరిగ్గానే వస్తుంది, అడుగు వాసనే రాదు.

దుబాయ్ నుంచో అమెరికా నుంచో తెప్పించుకుంటే?

మనవాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు అక్కడ ఉండనే ఉంటారు, సెలవులకు వస్తూ తేగలరు. అంతర్జాతీయ ప్రయాణాల్లో సాధారణంగా చేతి సంచిలో ద్రవపు సీసా 100 మి.లీ. దాటకూడదు, 125 మి.లీ. సీసా సగం ఖాళీగా ఉన్నా లెక్క సీసా పరిమాణానిదే. డ్యూటీ ఫ్రీలో కొని సీలు వేసిన సంచిలో ఉన్నదానికి మినహాయింపు ఉంటుంది, మధ్యలో విమానం మారితే మాత్రం జాగ్రత్త. పెద్ద సామానులో అయితే ఒక్కో సీసా అర లీటరు లోపు, అలాంటి ద్రవాలన్నీ కలిపి రెండు లీటర్ల లోపు పెట్టుకోవచ్చు. మండే ద్రవం కాబట్టి పోస్టులో, విమాన కొరియర్లో పంపడానికి ఆంక్షలున్నాయి.

ఒక చిక్కు: తెచ్చిపెట్టేవాళ్లను మీ బదులు వాసన చూడమనకండి. “బాగుందిరా” అనే మాట తప్ప వేరే సమాచారం రాదు.

‘పాతదే బాగుండేది, ఫార్ములా మార్చేశారు’ అంటారు. నిజమేనా?

చాలాసార్లు నిజమే, కానీ కారణం ప్రతిసారీ పిసినారితనం కాదు. అంతర్జాతీయ సుగంధ సంఘం ఇఫ్రా పరిమితులు, యూరప్ చట్టాలు మారినప్పుడల్లా ఫార్ములాలు మార్చక తప్పదు. లిలియల్ అనే పూల వాసన రసాయనాన్ని యూరోపియన్ యూనియన్ 2022 మార్చి 1 నుంచి నిషేధించింది. దాన్ని వాడిన సెంట్లన్నీ మళ్లీ అల్లుకోవాల్సి వచ్చింది. కాబట్టి పదేళ్ల నాటి లిమిటెడ్ ఎడిషన్‌ను నేటి మాతృకతో పోల్చి తేడా ఉందనడం న్యాయం కాదు. ఒకే కాలపు సీసాలు రెండింటినీ పోల్చండి.

దాచిపెడితే విలువ పెరుగుతుందా?

ఆక్వాటిక్‌ను దాచడం మంచి పెట్టుబడి కాదు. దాని అందమంతా నిమ్మజాతి వాసనల్లో, పుచ్చకాయను గుర్తుచేసే ఆల్డిహైడ్‌లలో ఉంటుంది. గాలి, వేడి, వెలుతురు తగిలి ముందు పాడయ్యేవి అవే. చందనం, ఊద్ సెంట్లు ఏళ్లు గడిచినా ఓర్చుకుంటాయి, ఇవి ఓర్చుకోవు. ఉన్న సీసాను డబ్బాలోనే ఉంచి గోడ అల్మారా లోపలి అరలో పెట్టండి. స్నానాల గదిలో వద్దు, కారులో అసలే వద్దు. డబ్బా మీద మూత తెరిచిన డబ్బీ గుర్తు పక్కన 36 అని ఉంటే, తెరిచాక 36 నెలల్లో వాడమని.

ఆడవాళ్లు వాడవచ్చా?

నిక్షేపంగా.

నాకు సముద్రం వద్దు, తొలకరి జల్లు పడ్డ మట్టి వాసన కావాలి. లిమిటెడ్ ఎడిషన్లలో దొరుకుతుందా?

మీరు వెతకాల్సింది వేరే చోట. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని డేగ్ అనే రాగి పాత్రల్లో నీటితో మరిగించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి దింపి మిట్టీ అత్తరు చేస్తారు. తొలకరి వాసనకు 1964లో పెట్రికోర్ అని పేరు పెట్టింది ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్. వాళ్ల వ్యాసంలోనూ ఈ కన్నౌజ్ అత్తరు ప్రస్తావన ఉంది. ఆ వాసనలో ముఖ్యమైన జియోస్మిన్‌ను మన ముక్కు అతి స్వల్ప మోతాదులో కూడా పసిగడుతుంది, అందుకే పెర్ఫ్యూమర్లు దాన్ని భయపడుతూ వాడతారు. కాస్త ఎక్కువైతే బీట్‌రూట్ వాసన.

హైదరాబాదులో చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో మిట్టీ అడిగి చూడండి. ఆల్కహాలు లేని తైలం కాబట్టి పరీక్ష కాగితం మీద కాదు, చేతి మీదే చేయాలి. చందన తైలం ధరను బట్టి అసలు మిట్టీ అత్తరు చవకగా రాదు. చవకగా ఇస్తే అడుగున ఉన్నది చందనం కాదు. ఆక్వాటిక్‌తో కలిపి వాడాలనుకుంటే మణికట్టు మీద చుక్క మిట్టీ, చొక్కా మీద ఒక చల్లు ఆక్వాటిక్. ఉప్పదనం ఎక్కువగా ఉన్న బల్గరీ ఆక్వాతో బాగా కుదురుతుంది. కూల్ వాటర్ పుదీనాతో కుదరదు.